గడియారం నడుమ ఇత్తడి బిళ్ల

ప్రశ్న: అమెరికాలో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు, కనెక్టికట్‌లో తయారైన పాతకాలపు వాల్‌నట్ చెక్క పార్లర్ గడియారం కొన్నాను. డయల్ నడుమ, ముళ్ల కింద, 1 నుంచి 12 వరకు అంకెలున్న చిన్న ఇత్తడి బిళ్ల ఉంది. అది అలారమట; ఆపడానికి మీట మాత్రం ఎక్కడా లేదు. దాన్ని ఎలా వాడాలి? ఇలాంటివి ఇంకా కొనాలంటే ఏం చూడాలి?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అలారం కావలసిన గంట అంకె సరిగ్గా గంటల ముల్లు కిందికి వచ్చేలా బిళ్లను వేలితో తిప్పండి. ఉదయం ఆరింటికి లేవాలంటే, రాత్రి పది చూపుతున్న ముల్లు కిందికే 6 అంకెను తేవాలి. మొదట ఇది వింతగా తోస్తుంది కానీ, బిళ్ల అక్కడి నుంచి ముల్లుతోపాటే తిరుగుతుంది. ముల్లు ఆరు మీదికి చేరేసరికి బిళ్ల వెనుకనున్న గాడిలోకి సన్నని తీగ జారి అలారాన్ని విడుదల చేస్తుంది. 1787లో న్యూ హాంప్‌షైర్‌లోని కాంకర్డ్‌లో లీవై హచిన్స్ అనే గడియారాల తయారీదారు తనకోసం చేసుకున్న అలారం గడియారం తెల్లవారుజామున నాలుగింటికి మాత్రమే మోగేదన్నది గుర్తుంచుకుంటే, ఈ చిన్న బిళ్ల ఎంత గొప్ప ఆలోచనో అర్థమవుతుంది. కొన్నింటిలో అంకెను ముల్లు తోక కిందికి తేవాలి కనుక, పెట్టె లోపల అతికించిన కాగితం మిగిలి ఉంటే ముందు అది చదవండి.

అలారానికి వేరే స్ప్రింగుతో చిన్న యంత్రం వెనుక చెక్కకు బిగించి ఉంటుంది. ఒకసారి మొదలైతే స్ప్రింగు బిగువు తీరేదాకా మోగుతూనే ఉంటుంది. వద్దనుకున్న రోజు దానికి కీ ఇవ్వకపోవడమే మార్గం. ముళ్లను మాత్రం ఎన్నడూ వెనక్కి తిప్పకండి, తీగ గాడి అంచుకు తగులుకుని వంగిపోతుంది.

కొనేటప్పుడు నేనైతే పైచెక్క నగిషీ కంటే ముందు తలుపు తీసి వెనుక చెక్కనే చూస్తాను. సేత్ థామస్, వాటర్‌బరీ, ఇంగ్రహామ్ వంటి కంపెనీలు అలారాన్ని అదనపు ధరకు అమర్చి ఇచ్చేవి. తరువాత మరమ్మతులు చేసినవారు పలుచోట్ల దాన్ని ఊడదీసి పారేశారు. బిళ్ల ఉండి, లోపల ఖాళీ మర రంధ్రాలు, వాటి చుట్టూ రంగు మారని చెక్క కనిపిస్తే అలారం పోయినట్టే. యంత్రం ఉన్నా, దాని పక్కన పనిలేని రంధ్రాలు మరికొన్ని ఉంటే, అది బహుశా వేరొక గడియారం నుంచి తెచ్చి బిగించినది. అలాంటిదాన్ని కొనవచ్చు కానీ, అసలు అలారంతో ఉన్నదాని ధర పెట్టకండి.