పీహెచ్‌పీ నేర్చుకోవడానికి జాంప్ మంచిదా, వాంప్ మంచిదా?

హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ వచ్చు, ఇప్పుడు పీహెచ్‌పీ మొదలుపెడుతున్నాను, విండోస్ ల్యాప్‌టాప్‌లో ఏది వేసుకోవాలి అని అడిగారు కదా. జాంప్ వేసుకోండి. రెండూ పీహెచ్‌పీని మన కంప్యూటర్‌లోనే నడిపించే ప్యాకేజీలు, వాటిలో ఉండేవి దాదాపు అవే: అపాచీ (పేజీలను బ్రౌజర్‌కు అందించే వెబ్ సర్వర్), పీహెచ్‌పీ, డేటాబేస్. వాంప్ విండోస్‌లో మాత్రమే నడుస్తుంది, జాంప్ లినక్స్‌కీ మ్యాక్‌కీ కూడా ఉంది. అంతకుమించి మొదట్లో తేడా తెలియదు. ఇది తేల్చుకోలేక నేను వారం రోజులు వీడియోలు చూశాను, ఒక్క లైను కోడ్ రాయలేదు. ఆ వారం మీకు పోకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇన్‌స్టాల్ చేసిన రోజే నాకు అపాచీ స్టార్ట్ కాలేదు. పోర్ట్ 80 (అపాచీ వాడే దారి నంబరు) ఖాళీ లేదని ఎర్ర అక్షరాల్లో వచ్చేసరికి ల్యాప్‌టాప్ పాడైందేమోనని టెన్షన్ పడ్డాను. వేరే ప్రోగ్రామ్ ఏదో ఆ పోర్ట్‌ను ముందే పట్టుకుని ఉంది, అంతే. జాంప్ కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌స్టాట్ నొక్కితే అదేదో కనిపిస్తుంది. అపాచీ పక్కనున్న కాన్ఫిగ్ బటన్‌తో సెట్టింగుల ఫైల్ తెరిచి, 'లిజన్ 80' అన్నచోట 8080 పెట్టి, సేవ్ చేసి, అపాచీని మళ్లీ స్టార్ట్ చేసి, బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ పక్కన కోలన్, 8080 కొట్టండి.

అంతకంటే నన్ను ఏడిపించింది తెలుగు. మా నాన్న ఎరువుల కొట్టు అప్పుల ఖాతా కోసం చిన్న పేజీ చేశాను. రైతుల పేర్లు తెలుగులో ఎక్కించి సేవ్ చేస్తే అన్నీ ప్రశ్నార్థకాలే. టేబుల్ లాటిన్1 అనే అక్షరాల సెట్‌లో ఉంది, అందులో తెలుగు అక్షరం పట్టదు. అలా మారిపోయిన పేర్లు మళ్లీ రావు, అన్నీ తిరిగి టైప్ చేశాను. మీరు డేటాబేస్ తయారుచేసేటప్పుడే తెలుగు పట్టే యూటీఎఫ్8ఎంబీ4 సెట్ ఎంచుకోండి, పీహెచ్‌పీ కనెక్షన్‌లో కూడా అదే రాయండి. రెండోది చాలామంది మర్చిపోతారు.

ఫైళ్ల పేర్లు మొదటినుంచీ చిన్న అక్షరాల్లోనే పెట్టండి. విండోస్‌కు పెద్దక్షరం, చిన్నక్షరం ఒకటే. సైటును నెట్‌లో పెట్టే హోస్టింగ్‌లో ఎక్కువగా ఉండే లినక్స్‌కు అవి వేర్వేరు, ఇక్కడ ఆడిన పేజీ అక్కడ ఆడకపోవచ్చు.

జాంప్‌ను మీ ల్యాప్‌టాప్ వరకే ఉంచండి. డేటాబేస్‌లో అన్ని అధికారాలూ ఉండే రూట్ యూజర్‌కు పాస్‌వర్డే లేకుండా వస్తుంది, అందరూ చూసే సైటును దానిమీద నడపకూడదు.

ఇంకెక్కడైనా ఆగిపోతే ఎర్రర్ మెసేజ్ మొత్తం ఇక్కడ పెట్టండి, చూస్తాను.