కాణీలు పోగేసే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

తెల్లవాళ్ల కాలం రాగి నాణేలు పోగేస్తానని రాశావు. కనబడిందల్లా కొనకు. ఒక్క వరుస పట్టుకో: పావు అణా, అదే మన కాణీ. ఈస్టిండియా కంపెనీవారి 1835 కాణీతో మొదలుపెట్టు. లెక్కలేనన్ని కొట్టారు గనక ఇప్పటికీ చవకే. 1862 నుంచి విక్టోరియా తల వస్తుంది. 1877లో ‘క్వీన్’ పోయి ‘ఎంప్రెస్’ చేరింది.

నాణెం కంటే ముందు 0.01 గ్రాము చూపే కాటా కొను. రాగి కాణీ 6.47 గ్రాములు. అరిగితే కొంత తగ్గుతుంది, 5.5 తూగితే మాత్రం వదిలెయ్. 1906లో రాగి బదులు కంచు వాడి బరువు 4.86కి దించారు. ఆ ఏడాదివి రెండు రకాలూ దొరుకుతాయి. రెండూ పక్కపక్కన నిలబెట్టి అంచు చూడు, కంచుది పలచన.

చింతపండు, పీతాంబరి దగ్గరికి రానివ్వకు. పులుపు ఆ ముదురు గోధుమ పొరను తినేసి నాణేన్ని గులాబీ రంగుకు తెస్తుంది. ఆ పొర మళ్లీ రాదు, తెలిసినవాడెవడూ మంచి ధర పెట్టడు. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో ఒక రోజు నానబెట్టు. జిడ్డుంటే గాజు గిన్నెలో అసిటోన్ పోసి అయిదు నిమిషాలు ఉంచు. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా. రుద్దకు, గుడ్డ మీద అద్దు.

గట్టిగా, నున్నగా ఉన్న పచ్చదనంతో భయం లేదు. పుల్ల తగిలితే పొడిలా రాలే లేతాకుపచ్చే చెడ్డది. లోపల ఉప్పు ఉందన్నమాట, తేమ తగిలినకొద్దీ రాగిని తింటుంది. దాన్ని వేరుగా పెట్టి, రోజూ డిస్టిల్డ్ వాటర్ మారుస్తూ రెండు వారాలు నానబెట్టి, బాగా ఆరాక తేమ పీల్చే సిలికా జెల్ ఉన్న డబ్బాలో వెయ్. మీ కాకినాడ గాలికి ఇది తప్పదు. వాసనొచ్చే మెత్తటి ప్లాస్టిక్ కవర్లు వద్దు, అవి పీవీసీ. కొన్నాళ్లకు పచ్చటి జిగురు పడుతుంది. మైలార్ అనే పారదర్శకమైన పాలియెస్టర్ పొర కిటికీగా ఉన్న అట్ట హోల్డర్లు తెచ్చుకో.

రాములవారి బొమ్మతో 1616 అనో 1818 అనో ఉన్న కంపెనీ ‘అణా’ చూపించి, బియ్యం లాగుతుంది, లక్షలు పలుకుతుంది అంటే లేచి వచ్చెయ్. కంపెనీ అలాంటిది ముద్రించనే లేదు. రాగి బియ్యాన్నీ లాగదు, ఇనుమునూ లాగదు. లోపల అయస్కాంతం, బియ్యానికి ఇనుప పొడి, అంతే.

అమెరికాలో ఉన్న మీ అన్నయ్యకు మాత్రం పంపకు. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, మనంతట మనం దేశం దాటించకూడదు.

అరడజను చేరాక ఏడాది, బరువు రాసి పంపు, చూస్తాను.

మామయ్య