సైకిలు సందేహాలు: అరకు ఘాట్‌లో సామానుతో

ప్రశ్న: డిసెంబరులో శృంగవరపుకోట నుంచి అరకు లోయకు సైకిలు మీద వెళ్లి, రాత్రి గుడారంలో పడుకుని, మర్నాడు అదే దారిన దిగాలని ఉంది. సైకిలుకు ముందు చిన్న పళ్లచక్రం 34, వెనుక పెద్దది 28. సామాను 14 కిలోలు. ఎక్కగలనా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఖాళీ సైకిలైతే ఎక్కుతారు. ఇంత సామానుతో ఈ గేరు చాలదు. 700 సైజు చక్రం ఒక చుట్టుకు సుమారు 2.1 మీటర్లు కదులుతుంది. 34–28 మీద నిమిషానికి 60 సార్లు తొక్కితే గంటకు 9 కి.మీ. వస్తుంది. మనిషి, సైకిలు, సామాను కలిపి వంద కిలోలనుకుంటే, 6 శాతం వాలులో ఆ వేగానికి 165 వాట్ల దాకా కావాలి. గంటల తరబడి అంత శక్తి పెట్టడం మామూలు రైడరు వల్ల కాదు. తొక్కుడు నిమిషానికి నలభైకి పడిపోతుంది, భారమంతా మోకాళ్ల మీదకు వస్తుంది.

వెనుక పెద్ద చక్రానికి 34 పళ్లుండే క్యాసెట్ (వెనుక పళ్లచక్రాల కట్ట) వేయించండి. అదే తొక్కుడుకు వేగం ఏడున్నరకు తగ్గి, 135 వాట్లతో పని జరుగుతుంది. క్యాసెట్ ఒక్కటే మారిస్తే సరిపోదు. 28కి సరిపడే పొట్టి డిరైలర్ (చైన్‌ను ఒక పళ్లచక్రం నుంచి మరోదానికి మార్చే భాగం) చాలావరకు 34కి అందదు, పొడుగు కేజ్ (చైన్‌ను బిగువుగా ఉంచే కింది చట్రం) ఉన్నది కావాలి. చైన్ పొడవు కూడా చూడాలి. షాపులోనే ముందు పెద్దది, వెనుక పెద్దది వేసి చూడండి. డిరైలర్ ముందుకు పూర్తిగా సాగి చైన్ బిగుసుకుంటే లింకులు కలపాల్సిందే. లేకపోతే ఘాట్‌లో పొరపాటున ఆ గేరు పడిన క్షణంలో డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ విరుగుతుంది, ప్రయాణం అక్కడితో ఆగిపోతుంది.

దారి సుమారు 60 కి.మీ. బొడ్డవర దాటాక ఎక్కుడు మొదలవుతుంది. టైడ, అనంతగిరి, గాలికొండ మీదుగా సుంకరిమెట్ట దాకా మధ్యలో చిన్న చిన్న దిగుళ్లున్నా మొత్తం మీద వెయ్యి మీటర్లకు పైనే ఎక్కాలి. ఎక్కడానికే ఆరేడు గంటలు పెట్టుకోండి. డిసెంబరులో అయిదున్నరకల్లా పొద్దుగూకుతుంది కాబట్టి ఉదయం ఆరింటికి కదలాలి. టైడలో, అనంతగిరిలో సీసాలు నింపుకోండి. మధ్యలో మూడు లీటర్లకు తగ్గనివ్వకండి.

ప్రశ్న: దిగేటప్పుడు రిమ్ బ్రేకులు (చక్రం అంచును పట్టే బ్రేకులు) నమ్మవచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: నమ్మవచ్చు, పట్టే తీరు తెలిస్తే. మలుపులన్నిటా బ్రేకును సన్నగా పట్టి ఉంచడమే ప్రమాదం. ఆ వేడంతా రిమ్ములోకి పోతుంది. ట్యూబులో గాలి పీడనం పెరిగి టైరు పేలవచ్చు. మలుపుకు ముందే, తిన్నటి రోడ్డు మీద రెండు బ్రేకులూ గట్టిగా పట్టి వేగం తగ్గించండి. మలుపులో వదిలేసి దాటండి. ఆ వదిలిన కాసేపే రిమ్ము చల్లారుతుంది. వేలు ఆనించలేనంత వేడిగా ఉంటే పది నిమిషాలు ఆగాలి. ప్యాడ్ల మీది గాడులు అరిగి కనిపించకుండా పోతే కొత్తవి వేయించుకోండి. ఉదయం పొగమంచులో రిమ్ము తడిగా ఉంటుంది. మొదటి రెండు మూడు చుట్లు బ్రేకు నీటిని తుడవడానికే సరిపోతుంది కాబట్టి ముందుగానే ఒకసారి తాకించండి. ముందూ వెనుకా లైట్లు వెలిగించి దిగండి, ఆ మంచులో బస్సు డ్రైవర్లకు మీరు కనిపించాలి. కదిలే ముందే జాకెట్ వేసుకోండి. చలికి వేళ్లు బిగుసుకుపోతే బ్రేకు పట్టు సడలుతుంది.

ప్రశ్న: చలికాలం గుడారంలో తెల్లారేసరికి దుప్పటి తడిసిపోతోంది. కింద నుంచి చలి కూడా. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఆ తడి మీ ఊపిరి నుంచి వచ్చిందే. చలికని జిప్పులన్నీ బిగిస్తే ఆవిరి పైగుడ్డకు తగిలి నీరై కారుతుంది. పై వెంటిలేటరు తెరిచి, దోమతెర మాత్రం మూసి పడుకోండి. ఏజెన్సీ ప్రాంతంలో మలేరియా ఉంది, పొద్దుగూకేసరికే పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలి. కింది చలికి మందమైన దుప్పటి పనిచేయదు. మీ బరువుకు అది నలిగిపోయి గాలి నిలవదు. దానికి నురుగు చాప కావాలి, రెండు పరిస్తే ఇంకా మంచిది.

చల్లటి గాలి బరువుగా ఉండి పల్లానికి జారుతుంది. వాగు ఒడ్డున కాకుండా, కాస్త మెరక మీద వేయండి. పొలమైతే యజమానిని అడగండి, అటవీ భూమిలో శాఖ అనుమతి లేకుండా వద్దు. గుడారంలో స్టవ్ వెలిగించడం అసలే వద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. బ్యూటేన్ డబ్బా చలికి మందగిస్తుంది. రాత్రి దాన్ని దుప్పట్లో పెట్టుకుంటే పొద్దున టీ నీళ్లు త్వరగా మరుగుతాయి.

ప్రశ్న: వెనుక చక్రంలో స్పోకు తెగితే?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: తెగేది ఎక్కువగా గేర్ల పక్కదే. తెగిన ముక్కను పక్క స్పోకుకు టేపుతో కట్టండి. రిమ్ము అక్కడ ఎడమకు వంగుతుంది. అటూ ఇటూ ఉన్న రెండు ఎడమ స్పోకులను అర చుట్టు వదులు చేస్తే చాలావరకు సరవుతుంది. రిమ్ము ఇంకా బ్రేకుకు రాసుకుంటే బ్రేకు క్విక్ రిలీజ్ (బ్రేకును వదులు చేసే మీట) తెరవండి. అప్పుడు వెనుక బ్రేకు సరిగా పట్టదు కాబట్టి దిగుడులో తొక్కకుండా నడిపించుకుంటూ వెళ్లండి. సరైన పొడవు స్పోకులు రెండు ఫ్రేముకు టేపు చేసుకుని తీసుకెళ్లండి. గేర్ల పక్క బిగించాలంటే క్యాసెట్ విప్పాలి, దాని పనిముట్టు చిన్నదే, సంచిలో వేసుకోండి. క్యారియర్ బోల్టులకు 4 మి.మీ. అలెన్ కీ దాని పక్కనే ఉండాలి. గతుకులకు అవి వదులవుతాయి, పూటకోసారి బిగించి చూడండి.