ఆండీ రాబర్ట్‌సన్ నిజంగా టికెట్లు బుక్ చేసే పని నుంచి లివర్‌పూల్‌కి వెళ్ళాడా?

మీరు రీల్‌లో చూసింది అబద్ధం కాదు. పద్దెనిమిదేళ్ళప్పుడు స్టేడియంలో ఫోన్లు ఎత్తి టికెట్లు బుక్ చేసిన కుర్రాడు ఇరవై మూడేళ్ళకి ఇంగ్లండ్‌లోని పెద్ద క్లబ్ లివర్‌పూల్‌కి లెఫ్ట్ బ్యాక్ (ఎడమపక్క ఆడే డిఫెండర్) అయ్యాడు. కాకపోతే ముప్పై సెకన్ల వీడియోలో అసలు ముక్క ఎగిరిపోతుంది. మీ తమ్ముణ్ని పొట్టిగా ఉన్నాడని అకాడమీవాళ్ళు వద్దన్నారని, వాడికి ఈ కథ చూపించొచ్చా అని కూడా అడిగారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను 2016లో ఎమ్మెస్సీ కోసం గ్లాస్గో వచ్చాను. మౌంట్ ఫ్లోరిడా అనే పేటలో అద్దె మా బడ్జెట్‌కి సరిపోయిందని అక్కడ దిగాం. స్కాట్లండ్ జాతీయ స్టేడియం హాంప్డెన్ పార్క్ ఆ పేటలోనే ఉంది. పెద్ద మ్యాచ్‌లు, సంగీత కచేరీలు ఉన్న రోజుల్లో స్టేడియం లోపలి కౌంటర్లో టీ, మటన్ పైలు (మన పఫ్‌ల లాంటివి) అమ్మే పార్ట్ టైమ్ పని దొరికింది. నాకు అంతవరకు తెలిసింది క్రికెట్ ఒక్కటే. ఫుట్‌బాల్ అక్కడ పైలు అమ్ముతూ, తోటి పనివాళ్ళ వాదనలు వింటూ నేర్చుకున్నాను. వాళ్ళందరి నోటా వినపడే పేరు ఆండీ. వాళ్ళ దృష్టిలో అతను లివర్‌పూల్ స్టార్ కాదు, ఈ బిల్డింగులోనే పనిచేసి వెళ్ళిన మన కుర్రాడు.

రాబర్ట్‌సన్ 1994 మార్చి 11న గ్లాస్గోలోనే పుట్టాడు. ఇంటిల్లిపాదీ గ్లాస్గోలోని పెద్ద క్లబ్ సెల్టిక్ అభిమానులు. చిన్నప్పుడే సెల్టిక్ అకాడమీలో చేరాడు. పదిహేనేళ్ళకి, ఒడ్డూపొడుగూ చాలదని వాళ్ళే బయటికి పంపేశారు. చిన్నప్పటినుంచీ ప్రాణంగా చూసుకున్న జట్టే వద్దంటే ఆ వయసు పిల్లాడి పరిస్థితి ఎలా ఉంటుందో మీ ఇంట్లో చూస్తూనే ఉన్నారు కదా.

అక్కణ్నుంచి అతను వెళ్ళిన చోటు క్వీన్స్ పార్క్. రీల్స్‌లో దీన్ని 'ఒక చిన్న క్లబ్' అని తేల్చేస్తారు. నిజానికి కథంతా ఇక్కడే ఉంది.

క్వీన్స్ పార్క్ 1867లో పుట్టింది, స్కాట్లండ్‌లో అన్నిటికంటే పాత క్లబ్. 1872 నవంబర్ 30న ప్రపంచంలోనే మొదటి అధికారిక అంతర్జాతీయ ఫుట్‌బాల్ మ్యాచ్ గ్లాస్గోలో ఇంగ్లండ్‌తో జరిగితే, స్కాట్లండ్ తరఫున ఆడిన పదకొండు మందీ ఈ క్లబ్‌వాళ్ళే. (ఆ మ్యాచ్ జరిగింది క్రికెట్ మైదానంలో. 0-0. ఈ సంగతి తెలిశాక నాకు ఫుట్‌బాల్ మీద కొంచెం చనువు వచ్చింది.) స్కాటిష్ కప్ పదిసార్లు గెలిచారు, అన్నీ పంతొమ్మిదో శతాబ్దంలోనే. ఆ తర్వాత మిగతా క్లబ్బులు ఆటగాళ్ళకి జీతాలివ్వడం మొదలుపెట్టినా వీళ్ళు మాత్రం ఆట ఆట కోసమే అని పట్టుబట్టి, 2019 దాకా ఒక్క పైసా జీతం ఇవ్వని అమెచ్యూర్ క్లబ్‌గానే ఉండిపోయారు. తర్వాత మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్‌గా పేరు తెచ్చుకున్న అలెక్స్ ఫెర్గూసన్ కూడా ఆటగాడిగా మొదలైంది ఇక్కడే.

విచిత్రం ఏమిటంటే, రాబర్ట్‌సన్ ఆడేనాటికి క్వీన్స్ పార్క్ ఉన్నది స్కాట్లండ్ లీగుల్లో పైనుంచి నాలుగో అంచెలో, కానీ హాంప్డెన్ పార్క్‌కి యజమాని ఆ క్లబ్బే. అంటే యాభై వేల మందికి పైగా పట్టే జాతీయ స్టేడియం వీళ్ళ సొంత మైదానం, చూడ్డానికి వచ్చేది కొన్ని వందల మంది. నేను శనివారం మధ్యాహ్నాలు వెళ్ళేవాణ్ని. ఒక వైపు స్టాండు మాత్రమే తెరిచేవాళ్ళు, మిగతా మూడు వైపులా ఖాళీ కుర్చీలు. డిఫెండర్ గోల్‌కీపర్ని తిట్టే తిట్లు పైవరసలో కూర్చున్నా స్పష్టంగా వినిపించేవి. పెళ్ళివాళ్ళు వెళ్ళిపోయాక ఫంక్షన్ హాల్లో మిగిలిన నలుగురు చుట్టాలు భోంచేస్తున్నట్టుండేది వాతావరణం. అలాంటి చోట ఆడినవాడు తర్వాత లివర్‌పూల్ స్టేడియం ఆన్‌ఫీల్డ్‌లో ఆడాడంటే ఎంత దూరమో ఆ ఖాళీ కుర్చీల మధ్య కూర్చుంటే తెలుస్తుంది.

2012లో పద్దెనిమిదేళ్ళకి అతనికి మొదటి జట్టులో చోటు దొరికింది. జీతం లేదు. ఒక ఏడాది చూద్దాం, కుదరకపోతే యూనివర్సిటీకి వెళ్దాం అన్నది ఇంట్లో ఒప్పందం. ఖర్చులకి హాంప్డెన్‌లోనే ఫోన్ల దగ్గర పని. ఆ ఆగస్టులోనే ట్విట్టర్‌లో, చేతిలో డబ్బు లేకుండా ఈ వయసులో బతుకు దండగ, ఉద్యోగం కావాలి అని అర్థం వచ్చేలా ఒక మాట రాసుకున్నాడు. ఇప్పటికీ అది తిరుగుతూనే ఉంటుంది, మీ రీల్‌కి మూలం అదే అయ్యుంటుంది.

ఇక్కడ జాగ్రత్తగా చూడండి. అకాడమీల్లో ఉండిపోయిన అతని ఈడు పిల్లలు మంచి గడ్డి మీద, మంచి కోచ్‌ల దగ్గర, తమ వయసువాళ్ళతోనే ఆడుతున్నారు. రాబర్ట్‌సన్ మాత్రం ప్రతి శనివారం గడ్డాలు నెరిసిన మగాళ్ళతో ఆడాడు. నాలుగో అంచెలో చాలామంది వారమంతా ఏదో ఒక ఉద్యోగం చేసుకుని శనివారం వచ్చి ఆడేవాళ్ళు. సన్నగా ఉన్న కుర్రాడు కనపడితే ముందు ఒక గుద్దు గుద్ది, తర్వాత బంతి సంగతి చూస్తారు. అదృష్టం కొద్దీ అదే సీజన్లో దివాలా తీసిన గ్లాస్గోలోని మరో పెద్ద క్లబ్ రేంజర్స్ కూడా అట్టడుగు అంచె నుంచి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. మామూలుగా వందల్లో జనం వచ్చే క్వీన్స్ పార్క్ మ్యాచ్‌కి, రేంజర్స్ వచ్చిన రోజు హాంప్డెన్‌లో ముప్పై వేల మంది. పద్దెనిమిదేళ్ళవాడికి అంతకంటే పెద్ద చదువు ఏ అకాడమీ చెప్తుంది?

చిన్న దేశం కావడం కూడా కలిసొచ్చింది. స్కాట్లండ్‌లో ఒక క్లబ్ నుంచి ఇంకో క్లబ్‌కి చాలావరకు రెండు గంటల ప్రయాణమే. కింది అంచెలో ఒకడు బాగా ఆడుతున్నాడంటే ఆ వార్త పై అంచె మేనేజర్లకి ఇట్టే చేరిపోతుంది. 2013 వేసవిలో డండీ యునైటెడ్ మేనేజర్ జాకీ మెక్‌నమారా అతన్ని తీసుకున్నాడు. మెక్‌నమారా కూడా ఒకప్పుడు ఫుల్ బ్యాకే (పక్కన ఆడే డిఫెండర్), ఏం చూడాలో తెలిసినవాడు. ఆ ఒక్క సీజన్లోనే రాబర్ట్‌సన్‌కి స్కాట్లండ్ ఉత్తమ యువ ఆటగాడి అవార్డు వచ్చింది, 2014 మార్చిలో వార్సాలో పోలండ్ మీద దేశం తరఫున మొదటి మ్యాచ్ ఆడాడు. ఫోన్ల దగ్గర కూర్చున్న రోజులకీ దీనికీ మధ్య రెండేళ్ళు కూడా లేవు.

2014 జులైలో సుమారు 28.5 లక్షల పౌండ్లకి ఇంగ్లండ్‌లోని హల్ సిటీకి వెళ్ళాడు. అక్కడ మూడేళ్ళలో ఒకసారి కింది డివిజన్‌కి దిగిపోవడం, మళ్ళీ ఎక్కడం, మళ్ళీ దిగడం. రెండోసారి దిగిపోయిన జట్టు డిఫెండర్ని 80 లక్షల పౌండ్లు పెట్టి కొంటున్నారంటే 2017లో లివర్‌పూల్ అభిమానులకి పెద్ద ఉత్సాహం కలగలేదు.

అక్కడా వెంటనే చోటు దొరకలేదు. మేనేజర్ క్లోప్ దగ్గర మొదటి నాలుగైదు నెలలు ఎక్కువగా బెంచీ మీదే. డిసెంబర్‌లో, అప్పటిదాకా లెఫ్ట్ బ్యాక్‌గా ఆడుతున్న అల్బెర్టో మొరెనో చీలమండకి దెబ్బ తగిలాక అవకాశం వచ్చింది. 2018 జనవరిలో మాంచెస్టర్ సిటీ మీద 4-3తో గెలిచిన మ్యాచ్‌లో, లెఫ్ట్ బ్యాక్ అయ్యుండి ఒక్కడే బంతి వెంటపడి, ఒకరి తర్వాత ఒకరిని తరుముకుంటూ సిటీ గోల్‌కీపర్ దాకా వెళ్ళిపోయాడు. గోల్ రాలేదు, ఏమీ రాలేదు. కానీ ఆ పరుగుతో జనం అతన్ని సొంతం చేసుకున్నారు. నాకైతే అతని ఆట మొత్తం ఆ పరుగులోనే ఉందనిపిస్తుంది. టెక్నిక్‌లో అతనికంటే మెరుగైన లెఫ్ట్ బ్యాక్‌లు ఉన్నారు, తొంభయ్యో నిమిషంలో కూడా మొదటి నిమిషం లాగే పరిగెత్తేవాళ్ళు మాత్రం అరుదు.

తర్వాతిది మీకు తెలిసే ఉంటుంది కాబట్టి గబగబా చెప్పేస్తాను. 2018లో కీవ్‌లో రియల్ మాడ్రిడ్ చేతిలో ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల్లో అన్నిటికంటే పెద్ద పోటీ) ఫైనల్ ఓటమి, 2019లో మాడ్రిడ్‌లో టోటెన్‌హామ్ మీద గెలిచి అదే కప్, 2020లో, 2025లో ప్రీమియర్ లీగ్, 2022లో ఎఫ్ఏ కప్. 2018-19 సీజన్ లీగ్‌లో అతనివి 11 అసిస్టులు (గోల్‌కి దారితీసిన పాస్‌లు), అటుపక్క రైట్ బ్యాక్ అలెగ్జాండర్-ఆర్నల్డ్‌వి 12. ఇద్దరు ఫుల్ బ్యాక్‌లు మిడ్‌ఫీల్డర్ల కంటే ఎక్కువ గోల్స్ చేయించిన ఆ జట్టును చూసి ఆ పొజిషన్ గురించి చాలామంది ఆలోచన మారింది.

స్కాట్లండ్‌లో ఉన్నవాళ్ళకి మాత్రం ఈ కప్పుల కంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. 2018 సెప్టెంబర్ నుంచి అతను దేశం జట్టుకి కెప్టెన్. అప్పటికి స్కాట్లండ్ పురుషుల జట్టు 1998 తర్వాత ఒక్క పెద్ద టోర్నీ కూడా ఆడలేదు. పైగా ఒక తలనొప్పి: దేశంలో ఉన్న ఇద్దరు మేటి ఆటగాళ్ళు రాబర్ట్‌సన్, కీరన్ టియర్నీ, ఇద్దరూ లెఫ్ట్ బ్యాక్‌లే. కోచ్ స్టీవ్ క్లార్క్ వెనక ముగ్గురు డిఫెండర్లని పెట్టి, టియర్నీని అందులో ఎడమవైపు నిలబెట్టి, రాబర్ట్‌సన్‌ని ముందుకి తోసి ఇద్దరినీ ఇమిడ్చాడు. 2020 నవంబర్‌లో సెర్బియా మీద పెనాల్టీల్లో గెలిచి యూరోకి (యూరప్ దేశాల టోర్నీ) వెళ్ళారు. 2022 జూన్‌లో ఉక్రెయిన్ చేతిలో హాంప్డెన్‌లోనే 3-1తో ఓడి వరల్డ్ కప్ పోగొట్టుకున్నారు. ఆ రాత్రి మా వీధిలో కిల్టులు (స్కాట్లండ్ మగవాళ్ళు కట్టే గళ్ళ లంగాలు) కట్టుకున్న పెద్దమనుషులు అడుగులో అడుగు వేసుకుంటూ స్టేషన్‌కి నడవడం చూశాను, ఒక్కరూ నోరు విప్పలేదు.

2025 నవంబర్ 18న అదే స్టేడియంలో డెన్మార్క్‌తో మ్యాచ్. గెలిస్తేనే నేరుగా వరల్డ్ కప్‌కి. నాకు టికెట్ దొరకలేదు, ఇంట్లో టీవీ పెట్టుకున్నాం. టీవీలో గోల్ రావడానికి కొన్ని సెకన్ల ముందే స్టేడియం అరుపు కిటికీలోంచి వచ్చేస్తుంటే టెన్షన్ పడే అవకాశం కూడా లేకపోయింది. మూడో నిమిషంలోనే స్కాట్లండ్ ఆటగాడు మెక్‌టొమినే గాల్లో వెనక్కి తిరిగి ఓవర్‌హెడ్ కిక్‌తో గోల్ కొట్టాడు. రెండో సగంలో ఫౌల్ చేసి డెన్మార్క్‌కి పెనాల్టీ ఇచ్చింది ఎవరనుకున్నారు, కెప్టెన్ రాబర్ట్‌సనే. స్కోరు సమం. తర్వాత డెన్మార్క్‌లో ఒకరికి రెడ్ కార్డు, స్కాట్లండ్ 2-1, మళ్ళీ 2-2. తొంభై నిమిషాలయ్యాక ఇచ్చే ఇంజురీ టైమ్ మూడో నిమిషంలో టియర్నీ దూరం నుంచి గోల్ కొట్టాడు. చివర్లో కెనీ మెక్లీన్ సగం మైదానం నుంచి గోల్‌కీపర్ తల మీదుగా వేశాడు. 4-2. 28 ఏళ్ళ తర్వాత వరల్డ్ కప్.

మ్యాచ్ అయ్యాక రాబర్ట్‌సన్ మాట్లాడింది డియోగో జోటా గురించి. ఆ జులైలో కారు ప్రమాదంలో పోయిన లివర్‌పూల్ సహచరుడు. 2022 వరల్డ్ కప్‌కి జోటా గాయం వల్ల, ఇతను అర్హత సాధించలేక, ఇద్దరూ వెళ్ళలేదు. ఈసారి వెళ్ళడం గురించి ఇద్దరం ఎంతో చెప్పుకునేవాళ్ళమని, ఆ రోజంతా స్నేహితుడే మనసులో మెదిలాడని గొంతు పూడుకుపోతూ చెప్పాడు. రాబర్ట్‌సన్‌కి పేరుంది కాబట్టి సేవా కార్యక్రమాలు మామూలే అనుకోవచ్చు గానీ, ఇరవై ఒకటో పుట్టినరోజుకే నాకు బహుమతులొద్దు, ఫుడ్ బ్యాంకులకి (లేనివాళ్ళకి ఉచితంగా సరుకులిచ్చే చోట్లు) ఇవ్వండి అన్నవాడు. ఆ రోజుల్లో అతను ఇంకా హల్ ఆటగాడే.

ఇక మీ తమ్ముడి సంగతి. చూపించండి, కానీ 'రిజెక్ట్ అయినా స్టార్ అయ్యాడు' అన్న ముక్కగా మాత్రం వద్దు. వద్దన్న తర్వాత అతను చేసింది మూడేళ్ళు క్వీన్స్ పార్క్ యువ జట్టులో ఆడుతూ ఉండటం, ఆ తర్వాత తనకంటే పెద్దవాళ్ళతో ప్రతి వారం మ్యాచ్ ఆడటం. చదువుకి దారి కూడా తెరిచే ఉంచుకున్నాడు. కాబట్టి ఇంకో పెద్ద అకాడమీ ట్రయల్స్ కోసం ఫీజులు కట్టే ముందు, మీ ఊళ్ళో గానీ జిల్లాలో గానీ పెద్దవాళ్ళ లీగ్‌లో వాణ్ని నిజంగా మైదానంలోకి దింపే జట్టు ఏదైనా ఉందేమో వెతకండి. బెంచీ మీద కూర్చోబెట్టే పేరున్న జట్టు కంటే అది మేలు. పదిహేనేళ్ళకి ఎత్తు తక్కువైతే ఆగండి, రాబర్ట్‌సన్ కూడా తర్వాతే పెరిగాడు.

వీడియోలు అడిగారు కదా, సిటీ మీద ఆ పరుగు, డెన్మార్క్ మ్యాచ్ హైలైట్స్ చాలు. 2019లో బార్సిలోనాని 4-0తో ఓడించిన ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ కూడా అందరూ పంపిస్తారు, అందులో మాత్రం మావాడు గాయపడి సగంలోనే బయటికొచ్చేశాడు. అతని బదులు దిగిన వైనాల్డమ్ రెండు గోల్స్ కొట్టాడు.