న్యూయార్క్ నో-ఫాల్ట్ దావాలో వైద్యం బిల్లును ఎలా రుజువు చేస్తారు?

అమెరికా చూడటానికి వచ్చిన మీ అమ్మగారికి న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో మీ కారులోనే దెబ్బలు తగిలాయని, బీమా కంపెనీ ఫిజియోథెరపీ బిల్లులు ఆపేయడంతో క్లినిక్ ఆ కంపెనీ మీద దావా వేసిందని రాశారు. ప్రతి బిల్లూ సరైనదేనని మేమే నిరూపించాలా అన్నది మీ ప్రశ్న. అక్కడే ఒక క్లినిక్ బిల్లింగ్ విభాగంలో పనిచేసి, ఇలాంటి కేసుల్లో అఫిడవిట్ల మీద సంతకాలు పెట్టినవాణ్ని. ఆ భారం మీది కాదు, క్లినిక్‌ది.

న్యూయార్క్‌లో తప్పెవరిదైనా, కారులో ఉన్నవాళ్ల వైద్యం ఖర్చు ఆ కారు బీమాయే భరించాలి; నో-ఫాల్ట్ అంటే ఇదే. కనీస రక్షణ మనిషికి 50,000 డాలర్లు. విజిటర్ వీసా దీనికి అడ్డు కాదు. చికిత్స జరిగిన 45 రోజుల్లో క్లినిక్ బిల్లు పంపాలి. అందిన 30 రోజుల్లో కంపెనీ డబ్బు చెల్లించాలి, లేదా కారణం చూపి తిరస్కరించాలి. సకాలంలో అదనపు వివరాలు అడిగితే, అవి వచ్చేదాకా గడువు ఆగుతుంది. గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ.

2015లో వివియాన్ ఎటియెన్ మెడికల్ కేర్ కేసులో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఈ సంగతి తేల్చింది. నిర్ణీత ఫారంలో బిల్లు పంపినట్టు, కంపెనీకి అందినట్టు, గడువులో డబ్బు రానట్టు చూపితే చాలు, ప్రాథమికంగా కేసు నిలబడుతుంది. అందుకే మొదటి మెట్టు మీద ఎక్స్‌రే కన్నా తపాలా ముద్రకే విలువ. ‘పంపాం’ అంటే సరిపోదు. బిల్లు ఎవరు తీశారు, చిరునామా ఎక్కడిది, పోస్టాఫీసుకు ఎవరు తీసుకెళ్లారు అన్నది ఆ పద్ధతి ఎరిగిన మనిషే ప్రమాణం చేసి చెప్పాలి. మేం కవర్ల జాబితా మీద కౌంటరులో ముద్ర వేయించుకుని ఫైల్లో పెట్టేవాళ్లం. తేదీ అలుక్కుపోతే బతిమాలి మళ్లీ వేయించుకునేవాళ్లం, వెనక వరుసలోవాళ్లు ఎంత గొణిగినా సరే.

‘ఈ చికిత్స అనవసరం’ అని కంపెనీ వాదించాలంటే గడువులోపే తిరస్కరణ పత్రంలో రాసి ఉండాలి. ఆలస్యమైతే ఆ వాదన చెల్లదు. సమయానికి రాస్తే మాత్రం, రోగి ముఖమైనా చూడని డాక్టరు కాగితాలు చదివి ఇచ్చిన నివేదికను ముందుకు తెస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. దానికి చికిత్స చేసిన డాక్టరు అంశాలవారీగా జవాబివ్వాలి. ‘నొప్పి ఉంది, కొనసాగించాలి’ అన్న ముక్తసరి రాతలు అక్కరకు రావు.

మీ అమ్మగారి వంతు ఒకటుంది. చికిత్స ఇంకా సాగుతుంటే, కంపెనీ తమ డాక్టరు దగ్గరికి పరీక్షకు పిలిచినప్పుడు తప్పక వెళ్లాలి. తిరుగు ప్రయాణం అడ్డొస్తే ముందే తేదీ మార్చమని రాతపూర్వకంగా అడగండి. బీమా హక్కును క్లినిక్‌కు బదిలీ చేస్తూ ఆమె సంతకం పెట్టి ఉంటే, మామూలుగా ఆ బిల్లుల కోసం క్లినిక్ మీ వెంట పడకూడదు. పరీక్ష ఎగ్గొడితే ఆ రక్షణ పోవచ్చు. ఆమె విమానం ఎక్కేలోపే ఆ బదిలీ పత్రం నకలు తీసుకోండి.