డబ్బిచ్చినంత మాత్రాన బొమ్మలు బ్యాండ్‌వి అయిపోతాయా?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో విజువల్ ఆర్టిస్టుని. బెంగళూరులోని ఒక ఎలక్ట్రానిక్ మ్యూజిక్ బ్యాండ్ అడిగితే, షోలో వాళ్ల వెనక తెర మీద వేయడానికి వీడియో లూప్‌లు (పదేపదే తిరిగే చిన్న వీడియోలు) చేసిచ్చాను. అమ్మమ్మ నేర్పిన మెలిక ముగ్గులను నాలుగేళ్ల కిందట నా పద్ధతిలో మార్చి నోట్‌బుక్కులో గీసుకున్నాను. వాటినే బీట్‌కి తగ్గట్టు కదిలించాను. నలభై వేలు ఇచ్చారు. మాటలన్నీ వాట్సాప్‌లోనే (చాట్ జత చేశాను). ఇప్పుడు అవే లూప్‌లు మరో మూడు ఊళ్లలో వేశారు, యూట్యూబ్‌లో పెట్టారు. మూలనున్న నా సంతకం కత్తిరించి, ఆ బొమ్మలతో టీషర్టులు కూడా అమ్ముతున్నారు. అడిగితే ‘డబ్బిచ్చాం కదా, ఇక మావే’ అంటున్నారు. నిజమేనా?

జవాబు: సగం నిజం. ఆ సగం ఏదో తేల్చుకోకుండా నోటీసు పంపితే ఇబ్బంది పడేది మీరే.

కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం మామూలుగా గీసినవారే హక్కుదారు. కానీ సెక్షన్ 17లో ఒక మెలిక ఉంది. ఎవరైనా అడిగి, డబ్బిచ్చి ఫొటో, పెయింటింగ్, సినిమా వంటివి చేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు చేయించుకున్నవారే తొలి యజమాని. చట్టం దృష్టిలో సినిమా అంటే థియేటర్లో ఆడేదొక్కటే కాదు. మీ పది సెకన్ల లూప్ కూడా అందులోకే వస్తుంది. కాబట్టి లూప్‌ల వరకు వాళ్ల వాదనను తీసిపారేయలేం.

‘వేరే ఒప్పందం లేనప్పుడు’ అన్న మాట దగ్గర మీ చాట్ పనికొస్తుంది. ‘ఇవి శనివారం షోకి మాత్రమేనండీ’ అని మీరు రాశారు. అటునుంచి ‘సరే’ అన్నట్టు బొటనవేలి ఎమోజీ వచ్చింది, మర్నాడే సగం డబ్బు పడింది. ఆ ఒప్పందం కాగితం మీదే ఉండాలని సెక్షన్ 17 అనదు. మీ చేతిలో ఉన్న ఆధారాల్లో ఆ బొటనవేలికి చాలా విలువుంది. చాట్ డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి. స్క్రీన్‌షాట్లు ఒక్కటే చాలవు. కోర్టులో చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి.

ఇక నోట్‌బుక్కు. నిజానికి మీ కేసులో గట్టి భాగం ఇదే. ఆ గీతలు బ్యాండ్ ఆర్డర్‌తో పుట్టినవి కావు, కాబట్టి సెక్షన్ 17 మినహాయింపు వాటిని తాకదు. వాటి హక్కులు బదిలీ కావాలంటే మీరు సంతకం చేసిన రాత ఉండాలి. అలాంటి కాగితమేదీ లేదని మీరే చెబుతున్నారు. టీషర్టు మీద ఉన్నది ఆ బొమ్మే కాబట్టి ముందు అక్కడ పట్టుకోండి. ఒక జాగ్రత్త: సంప్రదాయ ముగ్గు ఏ ఒక్కరి సొత్తూ కాదు. మీరు దాన్ని మార్చిన తీరుకే రక్షణ ఉంటుంది. అందుకే అమ్మమ్మ ముగ్గునూ మీ గీతనూ పక్కపక్కన పెట్టి తేడా చూపించగలగాలి.

సంగీతం వాళ్లది, బొమ్మ మీది. రెండూ విడివిడిగా నిలబడతాయి కనుక ఇది ఉమ్మడి రచన కూడా కాదు.

సంతకం కత్తిరించడం వేరే తప్పు. హక్కులన్నీ అమ్మేసినా తన పేరు తనకుండే హక్కు సెక్షన్ 57 కింద కళాకారుడికి మిగులుతుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడ మీద శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కుడ్యశిల్పాన్ని 1979లో ప్రభుత్వం తొలగించింది. శిల్పం ప్రభుత్వానిదే. అయినా దాన్ని ఆయనకు తిరిగివ్వమని, 5 లక్షల రూపాయల పరిహారం కట్టమని 2005లో ఢిల్లీ హైకోర్టు తీర్పిచ్చింది. కాకపోతే ఆ తీర్పు కోసం ఆయన ఏళ్ల తరబడి తిరిగారు, అదీ గుర్తుంచుకోండి.

ముందు లాయర్ నోటీసు ఇప్పించండి. టీషర్టుల అమ్మకం ఆపాలి, లెక్క చెప్పాలి, వీడియో కింద మీ పేరు వేయాలి, అదనపు షోలకు డబ్బు కట్టాలి. యూట్యూబ్‌కి ఫిర్యాదు చేసి వీడియో తీయించవచ్చు గానీ, ఆ పని మొదటే చేస్తే మాట్లాడుకునే దారి మూసుకుపోతుంది. వినకపోతే దావాకు బెంగళూరు వెళ్లక్కర్లేదు. సెక్షన్ 62 కింద మీరుండే హైదరాబాద్‌లోనే వేయొచ్చు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా బొమ్మకు 500 రూపాయల ఫీజుతో ఇప్పుడే దరఖాస్తు పెట్టండి, కోర్టులో ప్రాథమిక సాక్ష్యంగా పనికొస్తుంది.

ఒకవేళ రాజీకి వస్తే, హక్కులు ఎన్నేళ్లకో, ఏ దేశాలకో కాగితం మీద రాయించుకోండి. రాయకపోతే చట్టం ఐదేళ్లు, భారతదేశం అనుకుంటుంది. టీషర్టులకు వేరే పేరా పెట్టించండి, ప్రాజెక్ట్ ఫైళ్లు (లూప్‌లను మార్చడానికి వీలున్న అసలు ఫైళ్లు) మాత్రం ఇవ్వకండి.