అంబోసెలికి ఒక్క పూట చాలదు

అమ్మలూ,

ఆశీస్సులు. సెప్టెంబరులో జంతువుల ఫొటోలు తీయడానికి కెన్యా వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన ప్లాను చూశాను. మసాయి మారా అభయారణ్యానికి నాలుగు రోజులు పెట్టుకుని, ఏనుగుల పార్కు అంబోసెలికి ఒక్క పూటే ఉంచావు. అక్కడ కనీసం రెండు రాత్రులు ఉండు తల్లీ. అక్కణ్ణించి కనిపించే కిలిమంజారో 5,895 మీటర్ల కొండే అయినా, పొద్దెక్కితే మబ్బుల చాటుకు పోతుంది. మళ్లీ తేటపడేది ఎక్కువగా తెల్లవారుజామునా, సాయంత్రమే.

ఏనుగుల వెనకాల జీపు తిప్పించకు. ఆ కొండ మీద పడిన నీళ్లు భూమిలోకి ఇంకి, అంబోసెలిలో ఊటలుగా పైకొస్తాయి. చుట్టూ ఎంత ఎండిపోయినా ఆ చిత్తడి నేలలు పచ్చగా ఉండేది అందుకే. వానలు లేని నెలల్లో ఏనుగులు పగలు మేతకు అక్కడికొచ్చి, సాయంత్రానికి బయటి పొదల వైపు మళ్లుతాయి. వాటి దారులు అక్కడి డ్రైవర్లకు బాగా తెలుసు. రోడ్డు దిగకుండా, మందకు బాగా ముందుగా బండి ఆపించి, ఇంజన్ కట్టేయించి కూర్చో. అవే నీకెదురుగా వస్తాయి. కొండ దక్షిణాన ఉంది కాబట్టి, అటు తిరిగి తీస్తే ఉదయపు ఎండ పక్కనుంచి పడి చర్మం మీది ముడతలన్నీ తేలతాయి.

అందరూ పెద్ద జూమ్ పట్టుకుని దంతాల మీదే పడతారు. నువ్వు వెడల్పు లెన్సు కూడా తీసుకెళ్లు. ఆ దుమ్మూ, మైదానమూ, ఆకాశమూ లేకపోతే అది ఏ జూలో ఏనుగైనా కావచ్చు. దుమ్ము పిండిలా ఉంటుంది, జీపులో లెన్సు మార్చొద్దు. రెండో కెమెరా బాడీ అద్దెకైనా తీసుకో. లెన్సు కదలకుండా ఆనించుకునే బీన్ బ్యాగ్ సంచి ఖాళీగా పట్టుకెళ్లి అక్కడ బియ్యంతో నింపుకో, చిన్న విమానాల్లో బరువు లెక్క గట్టిగా ఉంటుంది. ప్లాస్టిక్ కవర్లు కెన్యాలో 2017 నుంచి నిషేధం, గుడ్డ సంచులే సర్దుకో. డ్రోన్ ఇంట్లోనే ఉంచు. మధ్యాహ్నం వేడికి గాలి కదిలి, దూరపు ఫొటోలు ఎంత మంచి లెన్సుతోనైనా మసకబారతాయి, అప్పుడు పడుకో.

మారాలో ఒక్క మాట నా కోసం విను. చీతా ఎక్కువగా పగలే వేటాడుతుంది. జీపులు చుట్టుముడితే వేట చెడి, పిల్లలు పస్తుంటాయి. పరుగు ఫొటోకి షట్టర్ రెండువేలో వంతు సెకను పెట్టుకుని దూరంగానే ఆగు. దగ్గరికి పోనివ్వమని డ్రైవరుకు డబ్బు ఆశ చూపించకు. ఖడ్గమృగం కనపడితే, ఫొటోలో లొకేషన్ తీసేశాకే ఎవరికైనా పంపు. వేటగాళ్లకు అదే ఆనవాలు.

బుకింగులు ఖాయం చేసేలోపు ఫోన్ చెయ్యి, తేదీలు కలిసి సర్దుదాం.

మీ మావయ్య